ఢిల్లీవాళ్లు వచ్చిన నాడు మా సంఘమంతా బాగుంది

దేవునికి స్తోత్రం. మనిషికి గుండెనిచ్చి, ఆ గుండెకు దిగులు పట్టినప్పుడు పక్కన కూర్చునేవాడికి స్తోత్రం. నాకు చేతినిండా పని ఇచ్చి, ఆ పని చేసే అర్హతను కాస్త ఆలస్యంగా, కాస్త పరేషాన్ చేసి ఇప్పించినవాడికి మహిమ కలుగును గాక. ఆయన నవ్వు తెలిసిన దేవుడని నా నమ్మకం. మా సంఘాన్ని కట్టినవాడికి నవ్వు తెలియకపోతే ఎలా?

నేను మంచిర్యాలలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. శ్రీరాంపూర్ గనుల నుంచి నిద్ర పట్టనివాళ్లు వస్తారు. మాటలు రాని పిల్లల్ని చంకనేసుకుని తల్లులు వస్తారు. పరీక్ష పోయిందని అన్నం మానేసిన పిల్లలను తండ్రులు లాక్కొస్తారు. నా గదిలో మందులు ఉండవు. ఒక బల్ల, కుర్చీలు, బొమ్మలూ చెక్కముక్కలూ ఉన్న పరీక్ష పెట్టెలు, అంతే. ఈ గదిలో కూర్చుని సంతకం పెట్టే హక్కు నాకు ఎలా వచ్చిందంటే, మా సంఘం వాళ్లు దాన్ని ఇంచుమించు పోగొట్టి, మళ్లీ వాళ్లే తెచ్చిపెట్టారు.

మాది జమ్మికుంట పక్క ఊరు. తాతల నాటి నుంచి మెథడిస్టు క్రైస్తవ సంఘం. బాపు పత్తి మార్కెట్‌లో కాంటా దగ్గర పనిచేసేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, కూలికి పోయేది. నేను ఎమ్మే సైకాలజీ చదివి, కరీంనగర్‌లో రెండేళ్ల శిక్షణకు సీటు తెచ్చుకున్నప్పుడు, మా పాస్టరుగారు, అంటే మేం అయ్యగారు అని పిలిచే ఆయన, ఆరాధన అయ్యాక గుడి మెట్ల దగ్గర నన్ను ఆపారు.

"మందు రాస్తవా బిడ్డా?"

"రాయనయ్యగారు."

"సూదేస్తవా?"

"ఎయ్య."

"మరేం జేస్తవ్?"

"వాళ్లు చెప్పింది వింట. మాట్లాడుత."

"మాట్లాడుడైతే మీ మేనత్త పొద్దంత మాట్లాడుతది. ఆమె ఏం చదివింది?"

పక్కనే ఉన్న మా మేనత్త దీన్ని పొగడ్త కిందే తీసుకుంది.

మేనత్త గురించి చెప్పాలి. ఆమెను ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర అంచున ఉన్న ఊరికి ఇచ్చారు. మామ జబ్బుచేసి పోయాక మా ఇంటికే తిరిగొచ్చింది. వచ్చిన ఏడాదికే స్త్రీల సమాజానికి పెద్ద అయ్యింది. ఆమె ప్రార్థనకు నిలబడితే పొయ్యి మీద కూర పెట్టి వచ్చినవాళ్లు మెల్లగా జారుకునేవాళ్లు. దేవుడు తనకేం చేశాడో సాక్ష్యం చెబితే గుడి బయట మేకలు కూడా నిలబడేవి. ఇంత నోరున్న మనిషికి ఒక్క విషయంలోనే నోరు లేదు. మామ పోయినప్పటి నుంచి ఆమె చేతులు కడుక్కునేది. కడిగిందే కడిగేది. తలుపు ముట్టుకుంటే కడిగేది, ఎవరన్నా వందనాలు చెప్పి చెయ్యి కలిపితే ఇంటికొచ్చి సబ్బరిగేదాకా కడిగేది. చేతులు ఎండిన చెరువులా పగిలాయి. అందరూ చూశారు. అంట్లు తోమీ తోమీ అలా అయ్యాయని ఆమె చెబితే అందరూ ఒప్పుకున్నారు.

మా పనిలో సొంత మనిషికి వైద్యం చేయకూడదు. అందుకని నాతో చదివే అమ్మాయి దగ్గరికి పంపాను. ప్రతి మంగళవారం కరీంనగర్ వచ్చేది. ఊళ్లో మాత్రం "కోడలు పిల్లను జూసొస్త, హాస్టల్ల తిండి మంచిగలేదట" అని చెప్పేది. నా తిండి గురించి అలా సంఘమంతా ప్రార్థన చేసింది.

ఇక గుర్తింపు సంగతి. ఈ చదువు ఎవరైనా చెప్పొచ్చు, ఎవరైనా చదవొచ్చు. కానీ చెప్పే చోటును ఢిల్లీలోని మండలి గుర్తించి ఉంటేనే, చదివినవాళ్ల పేరు వాళ్ల రిజిస్టరులో ఎక్కుతుంది, ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు ఉంటేనే బుద్ధి ఎదగని పిల్లకు నేను రాసిన కాగితం పింఛను ఆఫీసులో చెల్లుతుంది. సర్కారు దవాఖానలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టొచ్చు. నంబరు లేకపోతే ఆ రెండేళ్ల చదువు గోడకు తగిలించుకునే పటం. బస్టాండులో చెయ్యి చూసి జాతకం చెప్పే ఆయనకూ నాకూ తేడా ఏమిటని ఎవరన్నా అడిగితే, ఆయన దగ్గర చిలక ఉందని చెప్పుకోవాలి.

ఆ గుర్తింపు కూడా ఒకసారి ఇస్తే శాశ్వతం కాదు. కొన్నేళ్లకోసారి మళ్లీ వచ్చి చూస్తారు. మేం రెండో ఏట ఉండగా మా విభాగం గడువు ముగిసింది. వాళ్లు వచ్చి చూసి సరే అంటేనే మా బ్యాచికి నంబర్లు. వేరే ఊళ్లో ఇలాగే మధ్యలో ఇరుక్కున్న ఒక అక్క, చదువంతా చదివి, ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లుల కౌంటరులో కూర్చుంది. బిల్లు చూసి అరిచేవాళ్లను ఆమెలా శాంతపరిచేవాళ్లు లేరని చెప్పుకునేవాళ్లు. అది విని నేను నవ్వాను గానీ, ఆ వారమంతా బిల్లుల కౌంటర్ల ముందు నుంచి తలొంచుకుని నడిచాను.

ఇంట్లో ఎంత చెప్పినా ఇది ఎవరికీ ఎక్కలేదు. రెండేళ్లు చదివినంక మళ్లీ వేరేవాళ్లు ఒప్పుకునుడేంది అని బాపు. చివరికి అయ్యగారే ఆదివారం ప్రసంగంలో దారి చూపించారు. కుష్ఠు రోగులు బాగైన కథ తీసుకున్నారు.

"బాగుచేసింది ప్రభువే గదా. మరి పోయి యాజకునికి చూపించుకోమని ఎందుకన్నడు? యాజకుడు బాగైందంటేనే ఊరోళ్లు ఒప్పుకుంటరు. మన పిల్లకు గూడ గంతే. వరం దేవుడిచ్చిండు. చిట్టి ఢిల్లీవాళ్లియ్యాలె."

సంఘమంతా "ఆమెన్" అంది. బాపుకు కూడా అర్థమైంది. ఎన్నో తరగతుల్లో ఎన్నో చార్టులు చూశాను గానీ, ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

కరీంనగర్‌లో మా విభాగం పెద్ద సార్ మరమగ్గాల ఇంట్లో పుట్టి పైకొచ్చిన మనిషి. మెత్తనివాడు. తనిఖీ తేదీ తెలిసినప్పటి నుంచి ఆయన నడక మారింది. వరండాలో పూలకుండీలు వచ్చాయి. పరీక్ష పెట్టెల మీద దుమ్ము దులిపారు. రోగులతో మాట్లాడే గదుల మధ్య గోడలు ప్లైవుడ్డువి. పక్కన క్యాంటీన్‌లో ఎవరు ఏ టిఫిన్ అడిగారో మాకు వినిపించేది, మా దగ్గర ఎవరు ఎందుకు ఏడ్చారో వాళ్లకు వినిపించేది. సార్ ఆ గోడకు కొత్త రంగు వేయించారు. రంగుతో చప్పుడు ఆగుతుందని ఆయన అనుకోలేదు, ఏదో ఒకటి చేయాలి గనక చేశారు.

అసలు బెంగ రెండు విషయాల్లో. మాకు నేర్పే గైడ్లలో ఒకరు హైదరాబాద్ వెళ్లిపోయారు, ఆ కుర్చీ ఖాళీ. అది దాచేది కాదు. రెండోది, తనిఖీ మంగళవారం పడింది, పత్తి ఏరే రోజులు కావడంతో మంగళవారాలు రోగులు రావడం లేదు. రోగులు లేని చోట పిల్లలు ఏం నేర్చుకున్నారని అడిగితే జవాబు లేదు. కాబట్టి క్రమంగా వచ్చేవాళ్లకు ఫోన్ చేసి, ఆ రోజు తప్పకుండా రమ్మని గుర్తుచేయమన్నారు. సార్ తన గుడిలో కొబ్బరికాయ మొక్కుకున్నారు, నేను ఉపవాసం పట్టాను. ఒకసారి నన్ను పిలిచి, మీ దేవుడికి కూడా గట్టిగా చెప్పమ్మా, ఎవరు పని చేసిపెట్టినా నాకు ఫికర్ లేదన్నారు.

నేను మేనత్తకు ఫోన్ చేశాను. ఈ మంగళవారం మానొద్దని, ఢిల్లీవాళ్లు ఏమన్నా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పమని అన్నాను. ఆమె సరేనంది. సరేనని ఫోన్ పెట్టి నేరుగా అయ్యగారి ఇంటికి పోయింది. ఆదివారం ప్రకటనల్లో, స్త్రీల సమాజం కూడిక తర్వాత, చందాల ముందు, మా తనిఖీ సంగతి కూడా చదివారు. మన పిల్ల చదివే చోటికి ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు, అక్కడికి వెళ్లే అలవాటు ఉన్నవాళ్లు శుభ్రంగా, క్రమంగా వెళ్లి సంఘానికి పేరు తేవాలి అని.

ఇక్కడే అసలు ముప్పు ఉంది. మా సంఘానికి తనిఖీ కొత్త కాదు. ఏడాదికోసారి జిల్లాలోని మా సంఘాలన్నిటికీ పెద్ద, డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ గారు వస్తారు. గుడికి సున్నం వేస్తారు, ఆడవాళ్లు తెల్లచీరలు కడతారు. ఆయన పీఠం ఎక్కి, సంఘం ఎట్లుంది అని అడుగుతారు. "దేవుని కృప వల్ల అందరం బాగున్నం" అని ఒక్క గొంతుగా చెబుతారు. ముందురోజు గుడి తాళంచెవి కోసం కాలర్లు పట్టుకున్న ఇద్దరు పెద్దలు పక్కపక్కనే నిలబడి చెబుతారు. ఇది అబద్ధం అని మాలో ఎవరూ అనుకోరు. అది మర్యాద. ఇంటికి పెద్దమనిషి వస్తే నడుము నొప్పి చెప్పుకుంటామా?

మంగళవారం పొద్దున మా విభాగం ముందు ఒక జీపు ఆగింది. అందులోంచి మా సంఘం దిగింది. తెల్లచీరలు, చేతుల్లో బైబిళ్లు, తలలకు నూనె. సగానికి సగం నిజంగా మా దగ్గర చూపించుకుంటున్నవాళ్లే. ఇన్నాళ్లూ ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చేవాళ్లు. ఇప్పుడు ఒకే జీపులో కూర్చుని, ఎవరికి వాళ్లు తోడు వచ్చామని చెప్పుకుంటూ వచ్చారు. అందరూ తోడు వచ్చినవాళ్లే. ఎవరికి తోడో ఎవరూ అడగలేదు.

మండలి తరఫున ఒక పెద్దావిడ, ఇద్దరు మగవాళ్లు వచ్చారు. ఆవిడ నాగపూర్ వైపు మనిషి. కళ్లజోడు మీదుగా చూస్తే మనం చిన్నప్పుడు చేసిన తప్పులు కూడా గుర్తొచ్చేవి. వాళ్లకు తెలుగు రాదు. రోగులు చెప్పింది ఇంగ్లీషులో చెప్పే పని నాకు పడింది.

వరండాలోనే కుర్చీలు వేయించుకుని, మొదట మా ఊరి తాతను పిలిచారు. గనిలో పైకప్పు కూలి పక్కనున్న మనిషి పోయినప్పటి నుంచి, రిటైరై ఏళ్లయినా, ఆయనకు నిద్ర లేదు. కళ్లు మూస్తే చీకట్లో బొగ్గు రాలుతుంది. మీ ఇబ్బంది ఏమిటని ఆవిడ అడిగారు. తాత లేచి, తలపాగా తీసి, చేతులు కట్టుకున్నాడు.

"దేవునికి స్తోత్రం. నాకే ఇబ్బంది లేదు. మంచిగ తింటున్న, మంచిగ పంటున్న. అంతా ప్రభువు కృప."

వెనకనుంచి అందరూ ఆమెన్ అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. మరి ఇక్కడికి ఎందుకు వచ్చారని ఆవిడ అడిగారు. పిల్లను దీవించి పోదామని వచ్చానన్నాడు. అదీ చెప్పాను. తర్వాత మా పాటల బృందంలో పాడే ఆమె వచ్చింది. జనంలోకి వెళ్తే ఊపిరాడక పడిపోయే మనిషి. నేనూ బాగున్నాను అంది, అని ఊపిరాడక కూర్చుంది. ఆ తర్వాతి ఆయనా బాగున్నాడు. వరసగా బాగున్నారు. కరీంనగర్ జిల్లాలో ఆ రోజు మా వరండాలో ఉన్నంత ఆరోగ్యం ఇంకెక్కడా లేదు.

ఇద్దరు మగవాళ్లలో ఒకాయన సార్ వైపు వంగి, వీళ్లను కూలికి తెచ్చారా అని మెల్లగా అడిగారు. సార్ ముఖం సున్నం వేసినట్టయింది. వాళ్లకు తెలుగు రాదు కదా, తాత మాటను నేను కాస్త మార్చి చెప్పినా ఎవరికీ తెలియదు. దేవునికి తెలుస్తుంది, ఆయనకు ఇంగ్లీషు వచ్చు. ఉన్నది ఉన్నట్టే చెబుతూ పోయాను. నా నంబరు ఒక్కో ఆమెన్‌తో ఒక్కో అడుగు దూరం జరుగుతున్నట్టుంది.

మేనత్త వంతు వచ్చింది. ఆమెది అందరికంటే పొడవైన సాక్ష్యం. పుట్టిన ఊరు నుంచి మొదలుపెట్టి, బాప్తిస్మం, పెళ్లి, ఒక దొంగను ప్రార్థనతో తరిమిన సంగతి అన్నీ చెప్పి, ఇప్పుడు పూర్తిగా ఆరోగ్యంగా ఉన్నానని ముగించింది. పగిలిన చేతులు కొంగు కింద ఉన్నాయి.

పెద్దావిడ కళ్లజోడు తీసి, పక్కాయనతో మరాఠీలో అన్నారు, వీళ్లకు పాఠం బాగానే నేర్పారు అని.

మేనత్త విన్నది. ఆమె గిర్రున తిరిగి మరాఠీలోనే జవాబిచ్చింది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మేనత్త అత్తగారి ఊళ్లో ఉన్నదాన్ని గనక నాకు కొంత అర్థమైంది. మాకు పాఠం నేర్పేవాళ్లు ఇంకా పుట్టలేదు అని మొదలుపెట్టింది.

ఆమె మరాఠీ అంతా అంగడిలో నేర్చింది. ఉల్లిగడ్డల బేరం, తూకంలో మోసం చేసినవాడితో కొట్లాట, మామ జబ్బు రోజుల్లో నర్సులతో గొడవ. ఆ భాషలో ఆమె ఎన్నడూ ప్రార్థన చేయలేదు, సాక్ష్యం చెప్పలేదు, సూపరింటెండెంట్ గారికి జవాబు ఇవ్వలేదు. బాగున్నాం అనే మర్యాద ఆమెకు తెలుగులోనే వచ్చు. మరాఠీలో నోరు తెరిస్తే నిజమే వచ్చింది. కొంగు తీసి చేతులు ఆవిడ ముందు పెట్టింది. ఇది పాఠమా, చూడు అంది.

ఆవిడ ఆ చేతులు పట్టుకుని, తన కుర్చీ ముందుకు లాక్కున్నారు. ఎప్పటి నుంచి అని అడిగారు. మామ పోయిన రాత్రి ఆయన నోరు తుడిచింది తనేనట. ఆ తడి ఇంకా అంటుకుని ఉందట. ఇంత మాట మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడి అమ్మాయి ఏం చేయిస్తోందని ఆవిడ అడిగారు. మేనత్త చెప్పలేదు, చేసి చూపించింది. వంగి తన చెప్పు అడుగు భాగాన్ని అరచేత్తో రుద్ది, ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆమెకు చేయిస్తున్న వైద్యం అదే, మురికి ముట్టుకుని, దిగులు దానంతటదే తగ్గేదాకా కడుక్కోకుండా కూర్చోవడం. బయటివాళ్లకు అదేం పెద్ద పనిగా అనిపించదు. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. కళ్లు నల్లా వైపే పోయాయి. గోడ అవతల క్యాంటీన్‌లో ఎవరో ఉప్మా అడిగారు. మా సంఘం, నోరు మూసుకోవడం తెలియని సంఘం, ఊపిరి బిగబట్టి చూసింది. నాతో చదివే అమ్మాయి దగ్గరికి వచ్చి నిలబడింది, ఏమీ అనలేదు. అలా నిలబడడమే ఆమె నేర్చుకున్నది. చాలాసేపటికి మేనత్త భుజాలు దిగాయి.

అప్పుడు తలెత్తి మావాళ్లను చూసి తెలుగులో అంది.

"ఏం జూస్తున్రు? బాగలేను నేను. బాగైతున్న."

తాత లేచాడు. తలపాగా మళ్లీ తీశాడు. "మేడమ్, ఇందాక చెప్పింది జర దిద్దుకుంట. నిద్ర లేదు నాకు. ఈ పిల్లలు జెప్పినట్టు జేసినంక ఇప్పుడు రెండు గంటలు పంటున్న. అంతకుముందు అది గూడ లేకుండె."

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. మా ఉజ్జీవ కూటాల్లో, ఆ వరస ప్రార్థన సభల్లో, ఆఖరి రోజు పాపాల ఒప్పుకోలు మొదలైతే ఎలా ఉంటుందో అలాగైంది. ఒకరు చెబితే ఇంకొకరు, నాది అంతకంటే పెద్దదని మరొకరు. పాటల ఆమె తన ఊపిరి సంగతి చెప్పింది. మా దగ్గర ఎన్నడూ చూపించుకోనివాళ్లు కూడా వరుసలో నిలబడ్డారు. జీపు డ్రైవరు లోపలికి వచ్చి, తనకూ మనసు బాగుండట్లేదని, రాసుకోమని అన్నాడు. ఢిల్లీవాళ్ల కోసం తెచ్చిన భోజనం చల్లారిపోయింది. ఇంతమంది ముందు వద్దు, ఒక్కొక్కరినీ గదిలో కూర్చోబెట్టి వింటానని పెద్దావిడ అన్నారు. గదిలోకి వెళ్లాక తాత చెప్పినదంతా క్యాంటీన్‌కు వినిపిస్తోందని ఆవిడకు తెలిసింది. కొత్త రంగు వేసిన గోడను వేలితో తట్టి చూసి, సార్ వైపు చూశారు. సార్ నేల వైపు చూశారు.

కొన్ని నెలలకు ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది. మా బ్యాచికి గుర్తింపు ఇచ్చారు. గోడలు సరిగ్గా కట్టేదాకా, ఖాళీ కుర్చీలో గైడ్ వచ్చేదాకా కొత్త సీట్లు ఇవ్వబోమన్నారు. సార్ కొబ్బరికాయ కొట్టి ఆ చిప్ప నాకే ఇచ్చారు. నేను తిన్నాను, దానికి సంఘంలో కొందరు ఇంకా నన్ను క్షమించలేదు. నాకు నంబరు వచ్చింది. దానితో మొదట రాసిన కాగితం మాటలు రాని ఒక పిల్లది. అది పింఛను ఆఫీసులో చెల్లింది.

మా అయ్యగారు ఆ తర్వాత ఆదివారం ప్రకటనల్లో, ఒంట్లో గానీ మనసులో గానీ బాగలేనివాళ్లు బాగలేదని నిర్భయంగా చెప్పొచ్చని అన్నారు. సూపరింటెండెంట్ గారు వచ్చినప్పుడు తప్ప.

గోడలు కట్టారు. గైడ్ మాత్రం ఇంకా రాలేదు. కరీంనగర్ దాకా రమ్మంటే అందరికీ హైదరాబాద్‌లో పని గుర్తొస్తుంది. మా తర్వాత ప్రవేశ పరీక్షలో నెగ్గి, సీట్లు ఆగిపోయి చేరలేకపోయిన ఒక అమ్మాయి, మగ్గాల కుటుంబం పిల్ల, బడిలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ ఎదురుచూస్తోంది. ఎవరైనా వచ్చారా అక్కా అని ఫోన్ చేస్తుంది. లేదని చెప్పడం నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ అమ్మాయి ఎప్పుడూ బాగున్నాను అనే అంటుంది.

ఇక్కడిదాకా చదివినవాళ్లు ఒక్క నిమిషం నాతో ఉండండి. కళ్లు మూసుకుంటే చదవడం ఎలా అంటారా, తెరిచే ఉంచండి, ఆయన ఏమీ అనుకోడు. ప్రభువా, ఆ ఖాళీ కుర్చీకి ఒక మనిషిని పంపు. ఊరు చిన్నదని వెనక్కి తిరిగేవాళ్ల బండిని కాసేపు చెడగొట్టయినా పంపు. ఎదురుచూసే పిల్లకు ఓపికనివ్వు. మళ్లీ పరిశీలించేవాళ్లు వచ్చిన రోజున మా జనానికి, ఆ ఒక్కరోజైనా, బాగలేదని చెప్పే ధైర్యం ఇవ్వు. మీ దేవుణ్ని మీరు ఏ పేరుతో పిలుచుకున్నా సరే, మీకు వచ్చిన భాషలోనే నాతోపాటు ఈ మాట అడగండి.